భూతద్దం అమ్మ మెచ్చిన కోత

ఆస్పత్రి వెనక వైపు, బట్టలుతికే గదికీ మందుల గోదాముకీ మధ్య రెండు గదులుండేవి. ఆ గదుల్లో నేను ముప్ఫై ఎనిమిదేళ్ళు పనిచేశాను. అందులో ఇరవై ఆరేళ్ళు ఒకే డాక్టరమ్మ కింద. ఆవిడ పోయి మొన్నటికి ఏడాదయింది. ఆవిడ గురించి రాయవలసింది పెద్ద చదువులు చదివినవాళ్ళు. కానీ వాళ్ళెవరూ ఆవిడ పక్క గదిలో కూర్చుని పనిచెయ్యలేదు. నేను చేశాను. అందుకని నేనే రాస్తున్నాను.

నా చదువు సంగతి నేనే ముందు చెప్పుకుంటే నయం. ఊరి బడిలో ఏడో తరగతి. ఆరో తరగతి రెండుసార్లు చదివాను కాబట్టి, లెక్కకి ఎనిమిదేళ్ళ చదువు. సీసాలు కడిగే పనికి చేరినవాణ్ణి, ఆ చదువుతోనే నాలుగు లక్షల పైచిలుకు పొరలు కోశాను. నా చేతికింద ముప్ఫై ఒక్కమంది పని నేర్చుకున్నారు. వాళ్ళలో పట్టాలున్నవాళ్ళు పదకొండుమంది. పెద్ద ఆస్పత్రుల నుంచి వచ్చిన డాక్టర్లు మా స్లైడులు వెలుతురుకి పట్టి చూసి, "ఇది కోసింది ఎవరు?" అని అడిగిన సందర్భాలు నాకు గుర్తున్నంతవరకూ తొమ్మిది. ఇది గొప్పకి చెప్పడం లేదు. గొప్పే అనుకున్నా నాకు అభ్యంతరం లేదు.

మా పని బయటివాళ్ళకి తెలియదు కనుక రెండు మాటల్లో చెబుతాను. రోగి ఒంట్లోంచి తీసిన చిన్న ముక్క మందునీళ్ళ సీసాలో మా దగ్గరికి వస్తుంది. దాన్ని కరిగిన మైనంలో ఉంచి గడ్డకట్టిస్తాం. ఆ మైనం బిళ్ళని కోత యంత్రానికి బిగించి, వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు పలచన పొర తీస్తాం. ఆ పొరని గోరువెచ్చని నీళ్ళ తొట్టి మీద పరుస్తాం. ముడతలు పోయాక అడుగునుంచి స్లైడనే గాజు పలక పెట్టి పైకెత్తుతాం. దానికి నీలం రంగూ గులాబీ రంగూ పట్టించి డాక్టరమ్మ బల్ల మీద పెడతాం. ఆవిడ మైక్రోస్కోపులో చూసి జబ్బు పేరు రాస్తారు. ఆ ఒక్క పంక్తి మీద ఆ మనిషి మిగతా బతుకంతా నడుస్తుంది.

ఆవిడది పొట్టి విగ్రహం. చూసేటప్పుడు కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకునేవారు. పని ముగిశాక అది అక్కడే ఉందని మరిచిపోయి సొరుగులన్నీ వెతికేవారు. కుర్చీకి ఒక కాలు పొట్టి. దానికింద పెట్టిన మడత కాగితం నేను చేరినప్పటిదే, ఆవిడ వెళ్ళిపోయేదాకా అదే. బల్ల మీద టీ చల్లారి మీగడ కట్టి ఉండేది. ఆస్పత్రిలో అందరూ ఆవిడని భూతద్దం అమ్మ అనేవారు. నన్ను మైనం మామ అనేవారు. మా ఇద్దరి ఎదుటా ఎవరూ అనలేదు, మా ఇద్దరికీ తెలియనిదీ కాదు.

కోసిన డాక్టరుకి రోగి దండం పెడతాడు. మందిచ్చిన డాక్టరుకి పళ్ళు తెచ్చి ఇస్తాడు. జబ్బేమిటో కనిపెట్టిన డాక్టరు ఎవరో అతనికి తెలియదు. ఒకసారి వరండాలో ఒక పెద్దాయన ఆవిడని ఊడ్చే మనిషనుకుని, "ఏమ్మా, మంచినీళ్ళ కుళాయి ఎటు?" అని అడిగాడు. ఆవిడ దగ్గరుండి తీసుకెళ్ళి చూపించి వచ్చారు. తిరిగొచ్చాక నాతో, ఆయన చేతిలో చిట్టీ మీద నంబరు చూశానయ్యా, ఆయన పేగు ముక్క నిన్ననే చూశాను, ఫరవాలేదు, బతుకుతాడు అన్నారు. ఆ మాట ఆయనతో అనలేదు. చెప్పడం మన పని కాదనేవారు.

ఆవిడకొక పద్ధతి ఉండేది. ముందు స్లైడు, తర్వాత కాగితం. పేరు, వయసు, పంపిన డాక్టరు అనుమానం, ఇవేవీ ముందు చదివేవారు కాదు. కాగితం ముందు చదివితే కన్ను దానికి వంతపాడుతుందని ఆవిడ నమ్మకం. అందుకే మా దగ్గర అందరూ నంబర్లే. ఎవరి అమ్మో, ఎవరి మామగారో, ఆవిడ పంక్తి రాసే వేళకి ఇంకా తెలియదు.

ఇంకొకటి, ఆవిడ మెచ్చుకోరు. స్లైడు బాగుంటే "ఊఁ" అనేవారు. బాగాలేకపోతే దాన్ని వేలితో నా వైపు నెట్టేవారు. అంతే. ముప్ఫై ఒక్కమంది శిష్యులున్న మనిషిని నేను, ఒక్క మాట కోసం ఇరవై ఏళ్ళు చెవులు రిక్కించుకుని కూర్చున్నానంటే సిగ్గుగానే ఉంటుంది. కానీ నిజం.

ఈ సిగ్గు మా వదినకి తెలుసు.

మా వదిన సంగతి చెప్పకుండా నా సంగతి చెప్పలేను. ఆవిడ మా ఇంటికి వచ్చేనాటికి నాకు తొమ్మిదేళ్ళు, అమ్మ లేదు. బడికి పంపింది ఆవిడే. ఆరో తరగతి తప్పినప్పుడు మళ్ళీ పంపిందీ ఆవిడే. కత్తికి పదును పెట్టడం నేర్పింది కూడా ఆవిడే. మా కాలంలో కోత యంత్రం కత్తిని రాతి మీద చేత్తో నూరుకోవాలి. పట్టాలున్నవాళ్ళకి అది నెలల తరబడి పట్టుబడేది కాదు. నాకు మొదటి వారమే వచ్చింది. రాతి మీద కత్తిని ఎంత వాల్చాలో మా వదిన వంటింట్లో నా మణికట్టు పట్టుకుని ఎప్పుడో చూపించింది. అన్నయ్య పోయాక ఆవిడ నా ఇంట్లోనే ఉంది. నేను పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదంటే, మైనం వాసన భరించే పిల్ల దొరకలేదని ఆవిడే అందరికీ చెప్పేది.

రోజూ సాయంత్రం నేను చెప్పులు విప్పకముందే ఒకటే ప్రశ్న.

"ఇవాళైనా మెచ్చుకుందా మీ భూతద్దం?"

"ఊఁ అన్నారు."

"గట్టి ఊఁ నా, మెత్తటి ఊఁ నా?"

మెత్తటిదంటే ఆ పూట నాకు ఒక ముద్ద ఎక్కువ పెట్టేది. భోజనం దగ్గర ఆ రోజు ఎన్ని పొరలు కోశానో, ఏది ఎంత కష్టపెట్టిందో నేను చెప్పేవాణ్ణి. ఆవిడ వినేది. నా పనిలో తప్పు రాదు వదినా అని నేను ఎన్ని వందలసార్లు అని ఉంటానో.

తప్పు అసలు రాలేదా అంటే, ఒక్కసారి వచ్చింది. అది ఇక్కడ చెప్పి తీరాలి.

నేను కోత మొదలుపెట్టిన మొదటి ఏడాది. ఒక బిళ్ళ కోయడం అయ్యాక నీళ్ళ తొట్టి మీద కాగితం పరిచి లాగాలి. అంతకుముందు కోసిన రోగి ముక్కల్లో చిన్న తునక మిగిలి తేలుతూ ఉంటే, ఆ కాగితానికి అంటుకుని వచ్చేస్తుంది. అలా తుడవకపోతే ఆ తునక తర్వాతి మనిషి పలక మీదికి ఎక్కుతుంది. దాన్ని మేం తేలుడు ముక్క అనేవాళ్ళం. ఆ రోజు నేను తుడవలేదు. ఒక బడి పంతులమ్మ పొట్ట ముక్క పక్కన ఎవరిదో క్యాన్సరు ముక్క వచ్చి కూర్చుంది. డాక్టరమ్మ క్యాన్సరని రాసేశారు. కాగితం పైకి వెళ్ళిపోయింది. ఇంటికి పోయాక ఆవిడకి ఏదో పొసగలేదట. మర్నాడు పొద్దున్నే వచ్చి మళ్ళీ చూసి, చెప్పులు కూడా వేసుకోకుండా ఆపరేషన్ గది దాకా నడిచివెళ్ళి ఆపించారు. అప్పటికే ఆ పంతులమ్మని బల్ల మీద పడుకోబెట్టారు.

తిరిగివచ్చి నన్ను తిట్టలేదు. నా తొట్టి దగ్గర నిలబడి, "నీళ్ళు తుడిచావా?" అని అడిగారు. నేను లేదన్నాను. పై అధికారులకి రాసిన కాగితంలో తప్పు తనదేనని రాశారు. అది అబద్ధం కాదయ్యా, చూసింది నేను కదా అన్నారు.

ఆ రోజునుంచి ప్రతి బిళ్ళకీ నీళ్ళు తుడిచాను. జ్వరమొచ్చిన రోజు తుడిచాను. అన్నయ్య పోయిన పదకొండో రోజున పనికి వచ్చి కూడా తుడిచాను. ఆ తర్వాత ఇరవై ఏళ్ళలో నా తొట్టిలో ఒకరి ముక్క ఇంకొకరి పలక మీదికి ఎక్కలేదు. నా గోడ మీద ఒక ప్రశంసాపత్రం వేలాడుతుంది. దాని మీద ఏం రాసి ఉన్నా నేను చదువుకునేది మాత్రం ఇదే.

వదిన గడ్డని దాచింది. ఎన్నాళ్ళు దాచిందో నాకిప్పటికీ తెలియదు. రవికె తొడుక్కుంటుంటే చెయ్యి పైకెత్తలేక ఆగిపోవడం పక్కింటావిడ చూసి నాకు చెప్పింది. రొమ్ములో గడ్డ అని మరిదితో ఎలా చెబుతానురా అంది వదిన. రా అని పిలిస్తే ఆవిడ కోపంగా ఉందని లెక్క. ఆస్పత్రిలో పనిచేసేవాడు ఇంట్లో ఉండి ఏం లాభమని నేను కేకలేశాను. మర్నాడు తీసుకెళ్ళాను. సూదితో నాలుగు దారప్పోగుల్లాంటి ముక్కలు తీశారు.

మా గదుల్లో ఒక నియమం ఉంది. సొంత మనుషుల ముక్క సొంత మనిషి కొయ్యకూడదు, పక్కవాడికి ఇచ్చెయ్యాలి. పక్కవాడు నా శిష్యుడే, మంచివాడే. కానీ వాడి కోతలో అక్కడక్కడ గీతలు పడేవి. మా వదిన ముక్క మీద గీత పడితే నేను ఊరుకోలేను. అందుకని ఎవరికీ చెప్పకుండా ఆ సీసా నా వరసలో పెట్టుకున్నాను. ఇది తప్పని తెలిసే చేశాను.

ఆ పొద్దున వదినకన్నా ముందు కోసిన బిళ్ళ కూడా రొమ్ము ముక్కే, ఎవరో ఆవిడది. చూడగానే మంచిది కాదని తెలిసే రకం, కత్తికి గరుకుగా తగిలింది. తర్వాత వదినది. నా మనసు ఆ రోజు నా దగ్గర లేదు. పొర తెగిందీ, నీళ్ళ మీద పరుచుకుందీ, పలక మీదికి ఎక్కిందీ గుర్తున్నాయి. మధ్యలో ఏం చేశానో గుర్తులేదు.

మధ్యాహ్నం డాక్టరమ్మ గదిలోంచి పిలుపు వచ్చింది. మామూలుగా ఆవిడ పిలవరు, వేలితో నెడతారు. వెళ్ళేసరికి కళ్ళు మైక్రోస్కోపు మీదే ఉన్నాయి.

"నీళ్ళు తుడిచావా?"

ఇరవై ఏళ్ళలో ఆ ప్రశ్న మళ్ళీ ఆవిడ నోట వినలేదు. తుడిచానమ్మా అని నాలుక చివరిదాకా వచ్చింది, అలవాటు కదా.

"గుర్తులేదమ్మా," అన్నాను.

అప్పుడు తల ఎత్తారు. కళ్ళజోడు నుదుటి మీదనుంచి కిందికి లాక్కుని నన్ను చూశారు. కాగితం తీసి చదివారు. అందులో ఇంటి చిరునామా నాది.

"ఎవరు?"

"మా వదినమ్మా."

నియమం సంగతి ఆవిడ ఎత్తలేదు. నాలుగు పోగులూ శుభ్రంగానే ఉన్నాయని, వాటికి దూరంగా ఒక మూల ఆవగింజంత తునక విడిగా ఉందని, చెడు ఉన్నది అందులోనేనని చెప్పారు. అది మీ వదినదే కావచ్చు, ముందు బిళ్ళ నుంచి తేలి వచ్చినదీ కావచ్చు అన్నారు.

జీవితంలో మొదటిసారి నేను తప్పు చేసి ఉండాలని కోరుకున్నాను. నీళ్ళు తుడవకుండా ఉండి ఉంటే బాగుండునని, ఆ పంతులమ్మకి జరిగినట్టే ఇప్పుడూ జరగాలని, నా పేరు ఆస్పత్రంతా నవ్వులపాలైనా ఫరవాలేదని కోరుకున్నాను. ఇరవై ఏళ్ళ పేరు ఒక పక్క, మా వదిన ఒక పక్క. ఇందులో తూచడానికేముంది.

"పద, ఇంకొకటి కోద్దాం," అన్నారు ఆవిడ.

కోద్దాం అన్నారు. నేను కోస్తుంటే ఆవిడ నా గదిలోకి ఎప్పుడూ రాలేదు. ఆ రోజు వచ్చి నా తొట్టిలో నీళ్ళు పారబోసి, స్వయంగా కడిగి, కొత్త నీళ్ళు పోశారు. వెచ్చబడేదాకా వేలు ముంచి చూస్తూ నిలబడ్డారు. పాత కత్తి తీయించి కొత్తది పెట్టించారు. తర్వాత కాగితం పరిచి, ఒకటికి రెండుసార్లు తానే నీళ్ళ పైభాగం తుడిచారు.

"ఇప్పుడు కొయ్యి. నేను చూస్తున్నాను."

వేరేవాణ్ణి పిలవనా అని అడిగాను. వద్దన్నారు. నువ్వు కోస్తేనే నాకు అనుమానం ఉండదు అన్నారు. ఆ మాట విలువ నాకు అప్పుడు తెలియలేదు.

కోశాను. అన్నేళ్ళ పని చేతిలో ఉంటుంది, మనిషిలో కాదు. పొర వెంట పొర అంటుకుని పట్టీలా దిగింది. నీళ్ళ మీద ముడత లేకుండా పరుచుకుంది. రంగులు పట్టించి, ఆరబెట్టి ఆవిడ బల్ల మీద పెట్టేసరికి గంటన్నర పట్టింది. ఆ గంటన్నరా ఆవిడ ఇంకే స్లైడూ చూడలేదు. నా గదిలో స్టూలు మీద కూర్చుని కిటికీలోంచి బట్టలు ఆరేసేవాళ్ళని చూస్తూ ఉన్నారు.

మైక్రోస్కోపు మీద వంగారు. పలకని ఈ చివరనుంచి ఆ చివరికి జరిపారు. మళ్ళీ వెనక్కి. ఒక చోట ఆగారు. బల్లకి ఇవతల నిలబడి నేను ఆవిడ వేళ్ళనే చూస్తున్నాను. జబ్బు లేని చోట ఆ వేళ్ళు జారిపోతాయి. ఇన్నేళ్ళలో అది నాకు తెలిసిపోయింది. అవి జారలేదు.

"ఇంకా లోపలికి వెళ్ళి ఒకటి," అన్నారు.

మూడోది కోశాను. మళ్ళీ నీళ్ళు ఆవిడే తుడిచారు.

మూడోది చూడటానికి ఎక్కువసేపు పట్టలేదు. లేచి తన కుర్చీ నాకు చూపించారు. కూర్చో, చూడు అన్నారు. నేను లక్షల పొరలు కోసినవాణ్ణి, ఆ కుర్చీలో ఏనాడూ కూర్చోలేదు. కూర్చుంటే అది ఒక పక్కకి ఒరిగింది. కంటికి నీలమూ గులాబీ కనిపించాయి. ఆవగింజంత తునక మొదటిదాంట్లో ఎక్కడుందో ఇందులోనూ అక్కడే ఉంది, అంటే అది నీళ్ళలో తేలి వచ్చింది కాదు, వదిన బిళ్ళలోదే. అది కాక మూడో పోగు మధ్యలో, గులాబీ రంగులో నల్లటి నీలపు చుక్కలు వరస తప్పి గుంపులు కట్టాయి. ఏడో తరగతివాడికి కూడా తెలిసేలా ఉన్నాయి.

ఆవిడ నా వెనక నిలబడ్డారు. తర్వాత మెల్లగా అన్నారు.

"ముడత లేదు. గీత లేదు. ఎవరి ముక్కా కలవలేదు. పొద్దున కూడా నువ్వు నీళ్ళు తుడిచే ఉంటావయ్యా, నీ చేతులు తుడిచే ఉంటాయి. ఇంత మంచి కోత నేను చూడలేదు."

ఇరవై ఏళ్ళు చెవులు రిక్కించి కూర్చున్న మాట అది.

ఆ సాయంత్రం నడిచే ఇంటికి వెళ్ళాను. చెప్పడం మన పని కాదని ఆవిడ అనేవారు, కానీ ఇది నేను చెప్పవలసినదే. వదిన గుమ్మంలో కూర్చుని ఉంది. చెప్పులు విప్పకముందే అడిగింది, కానీ రోజూ అడిగే ప్రశ్న కాదు.

"వచ్చిందా?"

వచ్చిందన్నాను. నా మొహం చూసింది.

"కోసింది ఎవరు మరిదీ?"

"నేనే."

"అయితే నిజమే అన్నమాట," అంది.

ఇంకొక ఆస్పత్రిలో చూపిద్దామని గానీ, పొరపాటేమో అని గానీ ఆవిడ ఒక్కసారీ అనలేదు. నా పనిలో తప్పు రాదని భోజనం దగ్గర వందలసార్లు చెప్పింది నేనే కదా. ఆవిడ విన్నది, నమ్మింది.

తర్వాత పద్నాలుగు నెలలు బతికింది. ఆపరేషన్ చేశారు, మందులిచ్చారు. జుట్టు రాలిపోతే అద్దంలో చూసుకుని, ఇప్పుడు అచ్చం మా మామగారిలా ఉన్నాను అని నవ్వింది. చివరి నెలల్లో ఒక ఆదివారం పొద్దున భూతద్దం అమ్మ మా ఇంటికి వచ్చారు. ఆవిడ రోగుల ఇళ్ళకి వెళ్ళే డాక్టరు కారు. వచ్చి మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. వదినే మొదలుపెట్టింది.

"మా మరిదిని ఇన్నేళ్ళు ఊఁ అనే ఏడిపించింది మీరేనా?"

"నేనేనమ్మా."

"మెచ్చుకోకూడదూ ఒక్కసారి. ఇంట్లో నా ప్రాణం తీసేవాడు."

డాక్టరమ్మ నా వైపు చూశారు. మెచ్చుకున్నాననీ ఎప్పుడు మెచ్చుకున్నాననీ నేను వదినకి చెప్పలేదని ఆవిడకి అర్థమైంది. కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడుచుకుంటూ ఉండిపోయారు. చివరికి, "ఆ చేతికి పదును పెట్టింది మీరట కదా," అన్నారు. వదిన చాలా సంతోషించింది. రాతి మీద కత్తి ఎలా వాల్చాలో దుప్పటి మీద చెయ్యి వాల్చి ఆవిడకి చూపించింది.

మైనం బిళ్ళలు పారెయ్యరు, నంబరు వేసి సొరుగుల్లో దాస్తారు. నేను పని మానేసిన రోజున తాళాలు అప్పగించే ముందు ఆ సొరుగు తీసి వదిన బిళ్ళ చూశాను. గోరంత మైనం, మధ్యలో సన్నని పోగులు. మూడుసార్లు నేను కోసిన చోట నున్నగా, అద్దంలా ఉంది. తిరిగి దాని వరసలో పెట్టేసి, సొరుగు మూసి, అలవాటు కొద్దీ ఖాళీ తొట్టి మీద ఒకసారి కాగితం లాగి బయటికి వచ్చాను.